చెయ్యి విరిగిన పిల్లాడు, మోకాలు తిరిగిన ఆటగాడు: ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏ వైద్యానికి ఒప్పుకోవాలి

సంక్రాంతికి అత్తారింట్లో మేడ మెట్ల మీద నిలబడి గాలిపటం దారం లాగుతూ మా వాడు కింద పడ్డాడు. ఆరేళ్ళు వాడికి. పడేటప్పుడు చెయ్యి చాచి నేలకి ఆన్చాడు, లేచేసరికి మోచెయ్యి పైభాగం వంకరగా ఉబ్బిపోయి ఉంది. ఐదు నిమిషాల్లో ఇంట్లో నాలుగు అభిప్రాయాలు. మామగారు పుత్తూరు కట్టు అన్నారు, అత్తగారు పసుపూ సున్నం కలపడానికి లోపలికెళ్ళారు, బావమరిది "ముందు మన ఆర్‌ఎంపీకి చూపిద్దాం బావా, దగ్గరేగా" అన్నాడు, మా ఆవిడ మాత్రం కారు తాళాలు తీసి గుంటూరు అంది. దారిలోనే కదా అని ఆర్‌ఎంపీ దగ్గర ఆగాం. ఆయన మోచెయ్యి మడిచి క్రేప్ బ్యాండేజ్ గట్టిగా చుట్టి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి పంపాడు. తెనాలి దాటేసరికి వాడి వేళ్ళు ఉబ్బి నీలం తిరిగాయి. గుంటూరులో డ్యూటీ డాక్టరు ఎక్స్‌రే కన్నా ముందు చేసిన పని, కత్తెర తీసుకుని ఆ కట్టు కోసెయ్యడం.

ఇంకో కథ మా మేనకోడలిది. ఖమ్మంలో ఇంటర్ చదువుతూ కబడ్డీ ఆడేది. రెయిడ్‌కి వెళ్ళి తిరిగేటప్పుడు కాలు నేలకి అతుక్కుపోయినట్టయి మోకాలు మెలి తిరిగింది, టప్‌మని శబ్దం తనకే వినిపించిందట. ఆపరేషన్ చేయించాలా, ఫిజియోతో సరిపెట్టాలా అని మా అక్కావాళ్ళు రెండు నెలలు కొట్టుకున్నారు.

నేను డాక్టర్ని కాదు. ఈ రెండు గండాల్లో తిరిగిన ఆసుపత్రులు, అడిగి విసిగించిన డాక్టర్లు, ఫిజియోల దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ పెడుతున్నా. మీ ఇంట్లోనూ ఇలా నాలుగు అభిప్రాయాలు లేస్తే ఎటు మొగ్గాలో తేల్చుకోవడానికి పనికొస్తుందని.

## ముందు ఒక్క మాట

పిల్లల ఎముక ఎవరు కట్టినా దాదాపు అతుక్కుంటుంది. అసలు కట్టకపోయినా చాలాసార్లు అతుక్కుంటుంది. అందుకే ప్రతి ఊళ్ళోనూ ఎముకలు కట్టేవాళ్ళకి అంత మంచి పేరు. కాబట్టి "అక్కడ కట్టిస్తే మా వాడికి అతుక్కుంది" అనే మాట విని వైద్యం ఎంచుకోవడానికి లేదు. ఏ వంకరతో అతుక్కుంది, ఆ లోపల నరానికీ రక్తనాళానికీ ఏమైంది, ఎముక ఎదుగుదల ఆగిందా అనేవి చూడాలి. ఆటగాళ్ళ దగ్గర లెక్క వేరు. నొప్పి పోయిందా అని అడిగితే సరిపోదు, మళ్ళీ గెంతితే ఆ కీలు ఆగుతుందా అని అడగాలి. నొప్పి రెండు నెలల్లో పోతుంది, కీలు గట్టిపడటానికి తొమ్మిది నెలలు పట్టచ్చు. గొడవలన్నీ ఆ మధ్య ఏడు నెలల్లోనే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

రక్తం, నరం. వీటి గడువు గంటల్లో ఉంటుంది. దెబ్బ తగిలిన చోటికి కింద వేళ్ళు చల్లబడ్డా, పాలిపోయినా, నీలమైనా, తిమ్మిరెక్కినా, వేళ్ళని మెల్లగా చాపితేనే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా, మాత్ర వేసినా నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా ఇక ఆలోచించకండి. కండరం చుట్టూ ఒత్తిడి పెరిగి రక్తం అందక కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. అలా చచ్చి వేళ్ళు కొక్కెంలా ముడుచుకుపోవడాన్ని జర్మన్ సర్జన్ ఫోక్‌మన్ 1881లోనే రాశాడు, బిగుతు కట్లే కారణమని కూడా చెప్పాడు. నూట నలభై ఏళ్ళు దాటినా మన దగ్గర ఇంకా అవే కట్లు.

గ్రోత్ ప్లేట్. ఎముక కొసల్లో మెత్తటి పొర ఒకటి ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. ఆడపిల్లలకి సుమారు 13 నుంచి 15 ఏళ్ళ మధ్య, మగపిల్లలకి 15 నుంచి 17 మధ్య అది గట్టిపడి మూసుకుపోతుంది. అప్పటిదాకా ఆ పొర పక్కనున్న లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ) కన్నా బలహీనం. అంటే పెద్దవాళ్ళకి బెణికే చోట పిల్లలకి విరగచ్చు. "బెణికిందిలే" అనే మాట పదేళ్ళ పిల్లాడి మీద వాడేముందు ఇది గుర్తుంచుకోండి.

ఎక్కడ విరిగింది. నాకు అన్నిటికన్నా పనికొచ్చిన విషయం ఇదే. భుజం నుంచి మోచెయ్యి దాకా ఉండే ఎముక ఎదుగుదలలో దాదాపు 80 శాతం భుజం వైపు నుంచి వస్తుంది, ముంజేతి ఎముకలకి అంతే వాటా మణికట్టు వైపు నుంచి. మోచేతి దగ్గర ఎదుగుదల చాలా తక్కువ. అందుకని చిన్న పిల్లాడికి మణికట్టు దగ్గర కాస్త వంకరగా అతుక్కున్నా ఒకటి రెండేళ్ళలో ఎముకే దాన్ని సరిచేసుకుంటుంది, మోచేతి దగ్గర వంకర వస్తే ఉండిపోతుంది. మెలి తిరిగి అతుక్కుంటే మాత్రం ఎక్కడైనా సరే, దానంతట అది సర్దుకోదు.

తిరిగి ఏం చెయ్యాలి. బడికెళ్ళి పెన్ను పట్టుకుంటే చాలా, జిల్లా జట్టులో ఆడాలా? రెండింటికీ ఒకే వైద్యం చెప్పే డాక్టర్ని నేనైతే నమ్మను.

డబ్బు, దూరం, మళ్ళీ మళ్ళీ వెళ్ళగలగడం. మూడోదాన్ని జనం లెక్కలోకే తీసుకోరు. కట్టు వేయించుకుని వచ్చేసి, వారం తర్వాత చెకప్‌కి వెళ్ళకపోతే మంచి ఆసుపత్రికి వెళ్ళిన ఫలితం సగం పోయినట్టే.

## మొదట ఎవరి దగ్గరికి

| ఎక్కడ | దేనికి పనికొస్తుంది | ఎక్కడ దెబ్బతింటాం |
|---|---|---|
| ఇంట్లో చిట్కాలు | నడవగలిగే బెణుకు, కమిలిన దెబ్బ | మర్దనా చేసినా, వేడి కాపడం పెట్టినా వాపు ఇంకా పెరుగుతుంది |
| ఊళ్ళో ఆర్‌ఎంపీ | అట్టముక్కతో కదలకుండా కట్టి పంపడానికి, నొప్పి మాత్రకి | బిగుతు కట్టు, ఎక్స్‌రే లేకుండానే బెణుకని తేల్చెయ్యడం |
| కట్టు వైద్యం | పెద్దవాళ్ళకి పక్కకి జరగని చిన్న విరుపు, అదీ ఎక్స్‌రే చూశాక | పిల్లల మోచెయ్యి, తెరిచిన గాయం, కీలులోకి వెళ్ళిన విరుపు |
| ఆర్థో క్లినిక్ | చాలా వరకు విరుపులు, బెణుకులు | మత్తు ఇచ్చి చేసేదైతే వేరే చోటికి పంపాలి |
| పెద్దాసుపత్రి | పిల్లల మోచెయ్యి, తొడ ఎముక, ఎముక బయటికి వచ్చిన గాయం, రక్తం అందని చెయ్యి | గంటల నిరీక్షణ, ప్రైవేటులో బిల్లు |

పుత్తూరు కట్టు గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మా మామగారు నొచ్చుకుంటారు. పుత్తూరులో తరతరాలుగా ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కడుతున్నారు, తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ కూడా వస్తారు. బద్ద కట్టడం వెనకున్న ఆలోచనలో తప్పేమీ లేదు, విరిగినదాన్ని కదలకుండా ఉంచడమే కదా ప్లాస్టర్ చేసేదీ. కానీ ఆ పేరు బోర్డు మీద రాసుకుని హైదరాబాద్ సందుల్లో, హైవేల పక్కన కూర్చున్న వాళ్ళందరూ పుత్తూరు వాళ్ళు కారు. అసలు వాళ్ళ దగ్గరికే వెళ్ళినా, పిల్లాడి మోచెయ్యి విషయంలో మత్తు లేకుండా లాగి కట్టడం నా లెక్కలో జూదం. పెద్దవాళ్ళు కట్టించుకోవాలనుకుంటే నేను అడ్డు చెప్పను, ముందు ఎక్స్‌రే తీయించుకోండి, చర్మం తెగి ఉంటే అటు వెళ్ళకండి, వేళ్ళు మొద్దుబారితే రాత్రి పన్నెండైనా సరే కట్టు విప్పించండి.

ఆసుపత్రికి వెళ్ళే దారిలో రెండు పనులు. మోచెయ్యి మడవద్దు, చాపద్దు, ఎలా ఉందో అలాగే అట్టపెట్టె ముక్కో మడత పెట్టిన దినపత్రికో కింద పెట్టి చున్నీతో వదులుగా కట్టండి. రెండోది, పిల్లాడు ఏడుస్తున్నాడని ఇడ్లీ, పాలు, బిస్కెట్లు పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే ఘనాహారం తిన్నాక ఆరు గంటలు ఆగాలంటారు. మా అత్తగారు బయల్దేరేటప్పుడు ప్రేమగా పెట్టిన రెండు అరిసెల వల్ల మా వాడి ఆపరేషన్ రాత్రి పదింటికి పడింది.

## ఏ ఫొటో తీయించాలి

విరిగిందని అనుమానం ఉంటే ఎక్స్‌రేతో మొదలు. పిల్లలకి రేడియేషన్ మంచిది కాదని భయపడతారు గానీ, చేతి ఎక్స్‌రేలో పడేది ఒక రోజు మొత్తంలో మన చుట్టూ ఉన్న మట్టి నుంచీ గాలి నుంచీ పడేదాని కన్నా తక్కువ. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా గ్రోత్ ప్లేట్ ఉన్న చోట వేలితో నొక్కితే నొప్పి ఉంటే, మంచి డాక్టరు విరిగినట్టే లెక్కేసి స్లాబ్ (ఒక పక్కే వేసే పిండి కట్టు) వేసి వారం పది రోజులకి మళ్ళీ చూస్తాడు, ఎందుకంటే ఆ పొర ఎక్స్‌రేలో కనపడదు. "ఫొటోలో ఏం లేదుగా, మళ్ళీ ఎందుకు రమ్మంటున్నారు, డబ్బులకే" అని విసుక్కునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

చీలమండ బెణికినప్పుడు ఎక్స్‌రే కావాలా వద్దా తేల్చడానికి కెనడాలోని ఒట్టావాలో 1992లో ఒక పద్ధతి పెట్టారు, ఇంట్లోనే చూసుకోవచ్చు. దెబ్బ తగలగానేనూ, తర్వాత డాక్టరు ముందూ, రెండుసార్లూ నాలుగు అడుగులు వెయ్యలేకపోవడం, చీలమండకి రెండు పక్కలా ఉండే ఎముక బొడిపెల వెనక అంచున నొక్కితే నొప్పి, పాదం బయటి అంచు మధ్యలో ఉండే బొడిపె మీదో లోపలి వైపు మడమకి ముందుండే ఎముక మీదో నొప్పి. వీటిలో ఏదున్నా ఎక్స్‌రే. ఏదీ లేకపోతే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. ఐదేళ్ళు దాటిన పిల్లలకీ ఇది పనిచేస్తుందంటారు, మరీ చిన్నవాళ్ళకి వాడకండి.

ఎంఆర్ఐ లిగమెంటుకీ, కీలు మధ్య మెత్తగా ఉండే గుజ్జుకీ, ఇంకా వాడకం ఎక్కువై వచ్చి ఎక్స్‌రేలో కనపడని ఒత్తిడి విరుపుకీ. ఖర్చు వేలల్లో, చిన్న పిల్లలైతే కదలకుండా పడుకోరు కాబట్టి మత్తు కూడా కావాలి. మోకాలికి దెబ్బ తగిలిన రోజే ఎంఆర్ఐకి పరుగెత్తక్కర్లేదు. చెయ్యి తిరిగిన డాక్టరు మోకాలు కొంచెం మడిచి కింది కాలుని ముందుకి లాగి చూసి ఏసీఎల్ (మోకాలి లోపలుండే ముఖ్యమైన లిగమెంట్) తెగిందో లేదో చాలా వరకు చెప్పేస్తాడు. కీలు పట్టుకోకుండా, కనీసం ప్యాంటు పైకి లాగమనకుండా ఎంఆర్ఐ రాసిచ్చే చోట నుంచి లేచి వచ్చెయ్యండి, నేనలాగే వచ్చాను. కీలు లోపలి విరుపుని ముక్కల లెక్కతో చూడాలన్నప్పుడు సీటీ, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

## పిల్లలకి: ఊడదీసే పట్టీ, పిండి కట్టు, వైర్లు, రాడ్లు

ఇక్కడ తల్లిదండ్రులు రెండు రకాలు. పిండి కట్టు అంటేనే హడలిపోయేవాళ్ళు, ఆపరేషన్ చేస్తేనే సరైన వైద్యం అనుకునేవాళ్ళు. ఇద్దరికీ విరుపుని బట్టి జవాబు మారుతుంది.

మణికట్టు దగ్గర ఎముక పూర్తిగా విరగకుండా డబ్బా సొట్టపడ్డట్టు నొక్కుకుపోవడం పిల్లల్లో చాలా మామూలు. దీనికి నాలుగు వారాల ప్లాస్టర్ అక్కర్లేదు. బ్రిటన్‌లో 23 ఆసుపత్రుల్లో 965 మంది పిల్లల మీద చేసిన పరిశీలన 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, మెత్తటి బ్యాండేజ్ కట్టి ఇంటికి పంపినవాళ్ళకీ, గట్టి పట్టీ వేసినవాళ్ళకీ మూడు రోజుల నొప్పిలో తేడా లేదు, తర్వాత కోలుకోవడంలోనూ లేదు. కాబట్టి డాక్టరు ఊడదీసే పట్టీ చాలన్నప్పుడు "గట్టిది వెయ్యండి సార్, వీడు ఆగడు" అని బతిమాలకండి. కానీ ఇది సొట్ట పడ్డ విరుపుకే సుమా.

పచ్చికొమ్మ విరిచినట్టు ఒక పక్క చీలి ఇంకో పక్క వంగిన విరుపులకీ, ముంజెయ్యి రెండు ఎముకలూ విరిగినా సరిగ్గా కూర్చున్నవాటికీ పిండి కట్టు. మొదటి ఒకటి రెండు రోజులు వాపు పెరుగుతుంది కాబట్టి చుట్టూ మూసెయ్యకుండా ఒక పక్క స్లాబ్ వేసి, తర్వాత పూర్తి కట్టు వేస్తే మంచిది. వారం తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తప్పనిసరి, వాపు తగ్గాక కట్టు వదులై లోపల ఎముక జారిపోవచ్చు. పిల్లలకి ఎంత త్వరగా అతుక్కుంటుందంటే రెండు వారాలు దాటాక జారిందని తెలిస్తే మళ్ళీ లాగి కూర్చోబెట్టడం చాలా కష్టం, గ్రోత్ ప్లేట్ దగ్గరైతే అసలు లాగకూడదు, ఆ పొరే చితికిపోతుంది. పండగ సెలవులని చెకప్ వాయిదా వేసేవాళ్ళు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి. కట్టు లోపల దురదకి చీపురు పుల్ల దూర్చకండి, పుండు పడితే బయటికి తెలీదు, హెయిర్ డ్రైయర్ చల్లగాలి పట్టించండి.

మా వాడిది మోచేతి పైన విరుపు, ఐదు నుంచి ఏడేళ్ళ వయసులో ఎక్కువ చూస్తారట. పూర్తిగా పక్కకి జరిగింది. డాక్టరమ్మ వాడితో రాయి-కాగితం-కత్తెర ఆడించింది. పిడికిలి బిగించాడు, అరచెయ్యి చాపాడు, రెండు వేళ్ళు కత్తెరలా విప్పాడు. చివర్లో బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టమంటే మాత్రం చుట్టలేకపోయాడు, రెండు వేళ్ళూ చదునుగా చిటికెడు ఉప్పు పట్టుకున్నట్టు వచ్చాయి. ఒక్కో ఆకారం ఒక్కో నరానిదని, సున్నా చుట్టే నరం ఈ విరుపులో అన్నిటికన్నా ముందు నలుగుతుందని, ఎక్కువ మందికి కొన్ని నెలల్లో దానంతట అదే తిరిగొస్తుందని చెప్పింది. మత్తు ఇచ్చి, చర్మం కొయ్యకుండానే బయట నుంచి ఎముక సర్ది రెండు సన్నటి వైర్లు గుచ్చారు. నాలుగో వారంలో ఓపీలోనే లాగేశారు. సున్నా ఉగాదికి చుట్టాడు.

ఇలాంటి పూర్తిగా జరిగిన విరుపుకి వైర్ల బదులు ఒట్టి పిండి కట్టు ఎంచుకుంటే? డబ్బు మిగులుతుంది, మత్తు తప్పుతుంది. కానీ ఎముకని నిలపడానికి వాపెక్కిన మోచెయ్యి బాగా మడిచి కట్టాలి, అప్పుడు రక్తం ఆగే ప్రమాదం, జారితే చెయ్యి లోపలికి వంగిపోయే అవకరం. నా ఓటు వైర్లకే. అసలు జరగని విరుపైతే మాత్రం కట్టే చాలు, అప్పుడు వైర్లంటే ఇంకో డాక్టర్ని అడగండి.

తొడ ఎముకకి వయసే ప్రధానం. ఐదేళ్ళ లోపు నడుము నుంచి కాలి దాకా పెద్ద కట్టు, బాత్రూం కష్టాలు చెప్పనలవి కావు గానీ ఫలితం బాగుంటుంది. ఐదు నుంచి పదకొండు మధ్య వంగే సన్నటి మేకులు లోపలికి ఎక్కిస్తారు. అంతకన్నా పెద్దవాళ్ళకీ, సుమారు 50 కిలోలు దాటినవాళ్ళకీ గట్టి రాడ్డో ప్లేటో.

కట్టు విప్పాక మోచెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు నువ్వుల నూనె గిన్నె పట్టుకొస్తారు. మోచేతికి మర్దనా వద్దు, బలవంతంగా చాపించడం అసలే వద్దు, నలిగిన కండలో ఎముక పుట్టి కీలు ఇంకా బిగుస్తుంది. పిల్లలు ఆడుకుంటుంటే కొన్ని నెలల్లో అదే వదులవుతుంది. నూనె ఖాళీ చేయాలనిపిస్తే తలకి రాయండి.

విరుపులు కానివి రెండు మాటల్లో. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని ఒక్కసారిగా పైకి లాగితే ఆ చెయ్యి వాడటం మానేస్తుంది, వాపుండదు, అది మోచేతి కీలు జారడం, తెలిసిన డాక్టరు చెయ్యి తిప్పితే క్షణంలో సర్దుకుంటుంది. పడకుండానే జ్వరంతో కుంటుతుంటే తుంటి కీలులో చీము కావచ్చు, అదే రోజు ఆసుపత్రి. పది దాటిన కాస్త బొద్దుగా ఉన్న పిల్లాడు మోకాలి నొప్పంటూ కుంటుతుంటే తుంటికీ ఎక్స్‌రే తీయించండి, తుంటి దగ్గర ఎముక తల జారినప్పుడు నొప్పి మోకాల్లో కనపడుతుంది.

## ఆటగాళ్ళకి

చీలమండ బెణుకు. ఐస్ పెట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తి పడుకోమనే సలహా 1978లో అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్ పెట్టిన ‘రైస్’ (RICE) అనే పేరుతో ప్రపంచమంతా పాకింది, 2014లో ఆయనే ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయచ్చని వెనక్కి తగ్గాడు. నొప్పికి కాసేపు ఐస్ పెట్టుకోవచ్చు, అంతే. పిండి కట్టుతో ఆరు వారాలు పడుకోవడం కన్నా లేసులున్న బ్రేస్ వేసుకుని, రెండు మూడు రోజుల్లో మెల్లగా నడక మొదలుపెట్టి, ఒంటికాలి మీద నిలబడే సాధన చేసినవాళ్ళు ముందు కోలుకుంటారు. ఆ ఒంటికాలి సాధన మానేసినవాళ్ళకే మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది.

ఒత్తిడి విరుపు. దెబ్బ తగలదు, వాడకం ఎక్కువై సన్నటి పగులు. 2022 కామన్వెల్త్‌లో పీవీ సింధు ఎడమ కాలికి ఇదే వచ్చింది, ఆ కాలితోనే బర్మింగ్‌హామ్‌లో స్వర్ణం గెలిచింది, తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుంది, మళ్ళీ కోర్టులోకి వచ్చింది 2023 జనవరిలో. ఆ మొదటి సగం చూసి మన అకాడమీల్లో పిల్లలకి నొప్పిలో ఆడమని చెప్తుంటారు, రెండో సగం ఐదు నెలలు ఎవరూ చెప్పరు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, ఆడితే పెరిగి ఆగితే తగ్గే నొప్పి అయితే ఎంఆర్ఐ ఖర్చు దండగ కాదు. ఫాస్ట్ బౌలింగ్ వేసే కుర్రాడికి నడుము నొప్పి రెండు మూడు వారాలు దాటినా అంతే, బౌలింగ్ ఆపి చూపించాలి. వయసెంతో వారానికి అన్ని గంటలకు మించి ఒకే ఆట సాధన వద్దనేది పిల్లల స్పోర్ట్స్ డాక్టర్లు వాడే కొలత, పన్నెండేళ్ళ పిల్లకి రోజుకి నాలుగు గంటల కోచింగ్ అంటే ఎంత దాటామో లెక్కేసుకోండి.

ఏసీఎల్. అసలు తగువంతా ఇక్కడే. 2010లో స్వీడన్ నుంచి ఒక పరిశీలన వచ్చింది. 121 మంది, 18 నుంచి 35 ఏళ్ళవాళ్ళు. సగం మందికి వెంటనే ఆపరేషన్, మిగతా సగానికి ముందు ఫిజియో, కావాలంటే తర్వాత ఆపరేషన్. రెండేళ్ళకి మోకాలి పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫిజియో వైపున్న 59 మందిలో 23 మంది ఆ రెండేళ్ళలో ఆపరేషన్‌కి వెళ్ళారు, అంటే 36 మందికి అవసరం పడలేదు. ఐతే అందులో వృత్తి ఆటగాళ్ళు లేరు, ఎదుగుతున్న పిల్లలూ లేరు. ఫిజియో అంటే అక్కడ నెలల తరబడి క్రమంగా చేయించినది, మన దగ్గర పది రోజులు కరెంటు పెట్టి పంపేది కాదు.

| మీరు ఎవరు | మొగ్గాల్సిన వైపు | ఎందుకు |
|---|---|---|
| ఆఫీసు, నడక, సైకిల్ | ముందు మూడు నెలలు ఫిజియో | మలుపులు తక్కువ, చాలామందికి కీలు ఆగుతుంది |
| వారాంతం క్రికెట్, షటిల్ | ఫిజియో చేసి చూసి, కాలు జారుతుంటేనే ఆపరేషన్ | ఆట మార్చుకునే వీలుంది |
| కబడ్డీ, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పోటీల్లో ఆడేవాళ్ళు | ఆపరేషన్, దానికి ముందూ తర్వాతా ఫిజియో | ప్రతి జారుడుకీ గుజ్జు చిరిగే ప్రమాదం |
| ఇంకా ఎదుగుతున్న పిల్లలు | పిల్లల మోకాళ్ళు చేసే సర్జన్ దగ్గరే నిర్ణయం | మామూలు పద్ధతిలో రంధ్రం గ్రోత్ ప్లేట్ గుండా వెళ్తుంది |
| గుజ్జు చిరిగి మోకాలు ఇరుక్కుపోయినవాళ్ళు | త్వరగా ఆపరేషన్ | ఆలస్యమైతే కుట్టే వీలు పోతుంది |

ఇందులో ఆటని వదులుకోవడం కూడా ఒక ఎంపికే, ఎవరూ పైకి అనరు గానీ. పదిహేడేళ్ళ పిల్లకి అది చెప్పడం ఎంత కష్టమో మా అక్కకి తెలుసు. ఒకే ఆటలో ఆడపిల్లలకి ఈ లిగమెంట్ తెగే ప్రమాదం మగపిల్లలకన్నా కనీసం రెండింతలు, పాతికేళ్ళ లోపు ఆపరేషన్ చేయించుకుని ఆటకి తిరిగి వెళ్ళినవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి అదో ఇదో మోకాలు మళ్ళీ తెగుతుంది. ఇది చెప్పకుండా "ఆరు నెలల్లో గ్రౌండ్‌లో ఉంటావమ్మా" అనే చోట సంతకం పెట్టకండి. నార్వే, అమెరికా వాళ్ళు కలిసి 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం తొమ్మిది నెలల దాకా ఆటని ఆలస్యం చేసిన ప్రతి నెలకీ మళ్ళీ దెబ్బ తగిలే ప్రమాదం సగానికి పడింది.

## డబ్బు సంగతి

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే విరుపుల ఆపరేషన్లు చాలా వరకు వస్తాయి, అడ్మిట్ అవ్వకముందే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర అడగాలి, డిశ్చార్జ్ రోజు కాదు. గాంధీ, ఉస్మానియా, గుంటూరు జీజీహెచ్, విశాఖ కేజీహెచ్‌లలో రోజూ ఇవే కేసులు చేస్తారు, క్యూ ఉంటుంది గానీ చెయ్యి తిరిగి ఉంటుంది. తిరుపతి చుట్టుపక్కల వాళ్ళకి టీటీడీ వాళ్ళ ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉంది. ఆపరేషన్‌కి లక్ష కూడబెట్టి ఫిజియోకి రూపాయి మిగుల్చుకోకపోవడం మన ఇళ్ళల్లో మామూలు, ఆటగాడికైతే ఆ లెక్క తిరగెయ్యండి, ఫిజియో డబ్బు ముందు పక్కన పెట్టి మిగిలినదానితో ఆసుపత్రి వెతకండి.

మా మేనకోడలు ఆపరేషన్ చేయించుకుంది. ఏడో నెలలో నొప్పి లేదు, వాపు లేదు, జోనల్స్ పోటీలు పదిహేను రోజుల్లో ఉన్నాయి, కోచ్ రోజూ ఫోన్. ఫిజియో గచ్చు మీద టేపు పరిచి ఒంటికాలితో గెంతమన్నాడు. మంచి కాలుతో 140 సెంటీమీటర్లు, ఆపరేషన్ కాలుతో 108. రెండో కాలు మొదటిదాంట్లో తొంభై శాతం దాటితే మాట్లాడదాం అన్నాడు. మూడుసార్లు గెంతింది, మూడోసారి 110. టేపు చుట్టేసి బ్యాగులో పెట్టుకుని, జోనల్స్‌కి స్కోరర్‌గా వెళ్ళింది.